సమోవా అమ్మాయి పేరుకి అసలు అర్థం ఎలా పట్టుకోవాలి

పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న సమోవా దీవుల అమ్మాయి పేరు ఒకటి మీ కంటబడింది అనుకోండి, ఆఫీసులో కొత్తగా చేరినావిడది కావచ్చు, పాపకి ఎవరూ పెట్టని పేరు కోసం వెతుకుతుంటే దొరికింది కావచ్చు, కథ రాస్తూ పాత్రకి పేరు కావాలి కాబట్టి తీసుకున్నది కావచ్చు, వెంటనే గూగుల్ కొడతాం, ఏదో బేబీ నేమ్స్ సైట్ వస్తుంది, పేరు పక్కన "చంద్రుడు" అనో "ఆకాశం" అనో ఒక్క ముక్క ఉంటుంది, ఇంకేముంది తెలిసిపోయింది అనుకుని మూసేస్తాం. ఆ ముక్క తప్పు కాకపోవచ్చు, కానీ అది డిక్షనరీలో మాటకి ఉన్న అర్థం, ఆ పిల్లకి ఆ పేరు ఎందుకు పెట్టారో దాంట్లో ఉండదు, సమోవాలో పేరు విలువంతా ఆ రెండో దాంట్లోనే ఉంటుంది. అందుకే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా వెళ్ళాలో చెప్తా.

ముందు అసలు అది సమోవా పేరేనా చూస్కోండి. ఆ సైట్లవాళ్ళు హవాయి, టోంగా, తహితి, మావోరి పేర్లన్నీ కలిపేసి పాలినేషియన్ పేర్లు అని పెట్టేస్తారు, అందులో సగం సమోవాలో ఎవరికీ ఉండవు. పట్టుకోడానికి తేలిక దారి అక్షరాలు. సమోవా భాషకి సొంత అక్షరాలు 14, అచ్చులు ఐదు, హల్లులు తొమ్మిది, ఆ తొమ్మిది ఏంటంటే ఫ, ఙ, ల, మ, న, ప, స, త, వ. ఇవి కాక గొంతులో టక్కున ఆగే చిన్న శబ్దం ఒకటుంది, దానికి తలకిందులు కామా లాంటి గుర్తు పెడతారు, పేరు కూడా అదే, కోమ లిలియు. హ, క, ర అనేవి తర్వాత బైబిల్‌తో, బయటి మాటలతో వచ్చి చేరినవి. కాబట్టి పేర్లో హ, క, ర కనబడితే అది వేరే దీవిదో లేదా అరువు పేరో అయ్యుండాలి. ప్రేమ అనే మాట చూడండి, సమోవాలో అలోఫ, హవాయిలో అలోహ, మావోరిలో అరోహ, టోంగాలో ఓఫ. ఆకాశం అయితే సమోవాలో లఙి, హవాయిలో లని, మావోరిలో రఙి. లేలని అనే పేరు సమోవా పేరని రాసినవాళ్ళున్నారు, అది శుద్ధ హవాయి పేరు.

ఇంకో పరీక్ష మన లిపితోనే చెయ్యొచ్చు. సమోవా మాట ఏదైనా అచ్చుతోనే ముగుస్తుంది, మధ్యలో రెండు హల్లులు కలవవు. అంటే ఆ పేరుని తెలుగులో రాస్తే ఒక్క ఒత్తు కూడా రాకూడదు, చివర పొల్లు రాకూడదు. సలమసిన, తెఉయిల, పెనిన, లుపె, అన్నీ ఇలాగే ఉంటాయి. ఒత్తు వచ్చిందంటే ఆ సైట్ మూసేసి ఇంకోటి చూడండి.

తర్వాత పలకడం. ఇది చిన్న విషయం అనుకోకండి, పలకడం తప్పితే అర్థమే మారిపోద్ది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో జీ అక్షరం కనబడితే అది గ కాదు, ఙ. మనం వాఙ్మయం అన్నప్పుడు తప్ప ఎప్పుడూ వాడని ఆ ఙ అక్కడ రోజూ పని చేస్తది. అమెరికన్ సమోవాలో ఊరి పేరు పాగోపాగో అని చదువుతాం కదా, అది పఙోపఙో. అలాగే అమ్మాయి పేరు లాగి కాదు, లఙి. ఇంకోటి అచ్చు పొడుగు. తమ అంటే పిల్లాడు, తమా అంటే తండ్రి. అవ అని పొట్టిగా అంటే సముద్రంలో పగడపు దిబ్బల మధ్య పడవ వెళ్ళే దారి, రెండు అచ్చులూ సాగదీసి ఆవా అంటే భార్య, ముందు గొంతు ఆపి అవ అంటే పెద్దల సభలో తాగే, ఒక మొక్క వేళ్ళతో చేసే పానీయం. పొడుగు చూపడానికి సమోవావాళ్ళు అచ్చు మీద గీత పెడతారు కానీ మామూలు రాతలో, ఆఫీసు కాగితాల్లో గీతా ఉండదు కోమ లిలియు ఉండదు, అందుకే ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి అర్థం చెప్పేయడం రిస్కు. మనకి హ్రస్వం దీర్ఘం రెండూ ఉన్నాయి కాబట్టి సరిగ్గా పలికేవాళ్ళ దగ్గర ఒకసారి విని తెలుగులో రాసి పెట్టుకుంటే ఇంగ్లీషు కంటే మేలు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సమోవాలో మాట్లాడే పద్ధతులు రెండు. చర్చిలో, స్కూల్లో, రేడియోలో, కొత్తవాళ్ళతో వాడేది త తో ఉండే పద్ధతి, ఇంట్లో, స్నేహితుల మధ్య, ఊరిపెద్దల సభలో కూడా వాడేది క తో ఉండే పద్ధతి, అందులో త లన్నీ క లవుతాయి, న లన్నీ ఙ లవుతాయి. సిన అనే అమ్మాయిని వాళ్ళమ్మ సిఙ అని పిలుస్తుంది. తల అని పేరుంటే, అంటే కథ అని అర్థం, ఇంట్లో అది కల అవుతుంది. తెలుగువాళ్ళకి తల అయినా కల అయినా నవ్వొస్తది అనుకోండి, కానీ ఆ పేరు మన ఇంట్లో పెట్టాలనుకునేవాళ్ళు ఈ నవ్వు గురించి కూడా ముందే ఆలోచించుకుంటే మంచిది. బయటివాళ్ళం మనం మాత్రం త పద్ధతిలోనే పిలవాలి, క పద్ధతి దగ్గరివాళ్ళది.

ఇప్పుడు మాటని విడదీయడం. కొన్ని పేర్లు ఒకే మాట, డిక్షనరీ చాలు: మసిన అంటే చంద్రుడు, నెల అని కూడా, ఫెతూ అంటే నక్షత్రం, మొఅన అంటే లోతు సముద్రం, పెనిన అంటే ముత్యం, నుఅనుఅ అంటే ఇంద్రధనుస్సు, ఫిలెమూ అంటే ప్రశాంతం, తెఉయిల అంటే ఎర్రగా నిటారుగా పూసే అల్లం జాతి పువ్వు, అది సమోవా జాతీయ పుష్పం, రాజధాని ఆపియాలో ఏటా సెప్టెంబర్‌లో జరిగే పండగకి కూడా ఆ పువ్వు పేరే పెట్టారు. లఙి అంటే ఆకాశం, స్వర్గం, క్రియగా వాడితే పాడటం కూడా, ఒక్క ముక్క రాసే సైట్లలో ఈ పాడటం సంగతి ఉండకపోవచ్చు.

కొన్ని రెండు మూడు మాటలు అతికించినవి. తుసి అంటే రాయడం, తల అంటే కథ, తుసితల అంటే కథలు రాసేవాడు, ఆపియా దగ్గర వైలిమలో ఉండి 1894లో చనిపోయిన రచయిత రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్‌ని అక్కడివాళ్ళు అలాగే పిలిచేవాళ్ళు. ఇలా అతుకు కనబడగానే ముక్కలు చేసేయాలనిపిస్తది, అక్కడే జాగ్రత్త. ముందు ఫఅ అని వచ్చే పేర్లు చాలా ఉంటాయి, ఫఅ అంటే చేయించడం, అలా ఉండేలా చేయడం లాంటి అర్థం. మొఎ అంటే నిద్ర, ఫఅమొఎ అంటే నిద్రపుచ్చడం. సరే కదా అని ఫఅమొఎమొఎ అనే పేరు చూసి బాగా నిద్రపుచ్చేది అనుకుంటే పప్పులో కాలేసినట్టే, దాని అర్థం ఆశ, నమ్మకం పెట్టుకోవడం. కాబట్టి ముందు మాట మొత్తాన్ని డిక్షనరీలో వెతకండి, అక్కడ లేకపోతేనే ముక్కలు చెయ్యండి.

డిక్షనరీలో ఎంత వెతికినా దొరకని పేర్లు కొన్ని వస్తాయి, వాటిని గట్టిగా పలికి చూడండి, సగం బైబిల్ పేర్లో యూరప్ పేర్లో అయ్యుంటాయి. 1830లో జాన్ విలియమ్స్ అనే మిషనరీ సవాయీ దీవిలో సపపలిఇ అనే ఊళ్ళో దిగాడు, 1845లో క్యాథలిక్కులు వచ్చారు, 1855కల్లా బైబిల్ మొత్తం సమోవా భాషలో వచ్చేసింది. అప్పట్నుంచి ఎస్తేరు ఎసెత అయింది, రూతు రుత అయింది, ఎలిజబెత్ ఎలిసపెత, మార్గరెట్ మకెరిత, విక్టోరియా వితోలియ, మరియమ్మ మలియ, రోజా లోస. ఇవి విదేశీ పేర్లు కదా అసలైన సమోవా పేర్లు కావు కదా అని తీసిపారేసేవాళ్ళని చూశా, అది సరికాదు. రెండు వందల ఏళ్ళకి దగ్గరపడుతోంది, చర్చి అక్కడ ఊరి నడిబొడ్డున ఉంటుంది, అమ్మమ్మ పేరు ఎలిసపెత అయితే మనవరాలికి అది అమ్మమ్మ పేరు, అంతే.

ఇక కథల సంగతి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. సిన అనే పేరునే తీసుకుందాం. డిక్షనరీ తీస్తే తెలుపు అని, తెల్లబడ్డ జుట్టు అని ఉంటుంది. పుట్టిన పాపకి తెల్లజుట్టు అని ఏ తల్లీ పేరు పెట్టదు కదా, కాబట్టి పేరు మాట నుంచి రాలేదు, కథ నుంచి వచ్చింది. సమోవా కథల్లో అందగత్తె అంటే సిన, ఒక్క సిన కాదు, బోలెడుమంది సినలు. పక్క దీవుల్లో ఆవిడే హిన.

అన్నిట్లోకీ పేరున్నది సిన, మలుగుపాము చేప కథ. సిన ఒక చిన్న మలుగుని తెచ్చి పెంచుకుంటుంది, అది పెద్దదవుతుంది, ఆమెనే చూస్తూ ఉంటుంది, భయపడి సిన ఊళ్ళు మారుతుంది, అదీ నీళ్ళ దారిన వెంటపడుతుంది. కొన్ని చోట్ల ఆ మలుగు ఫిజీ రాజు అని చెప్తారు. చివరికి అది చనిపోయే ముందు ఒక కోరిక కోరుతుంది, నా తల కోసి నీ ఇంటి ముందు పాతిపెట్టు, దాన్నించి చెట్టు వస్తుంది, ఆ ఆకులతో చాపలు అల్లుకో, కాయలోంచి తాగిన ప్రతిసారీ నన్ను ముద్దుపెట్టుకున్నట్టే అని. అదే కొబ్బరి చెట్టు. కొబ్బరికాయ పీచు ఒలిచి చూస్తే మూడు మచ్చలుంటాయి చూడండి, రెండు కళ్ళు, ఒక నోరు, తాగడానికి పొడిచేది ఆ నోటి దగ్గరే. సవాయీ దీవిలో మతావై అనే ఊళ్ళో ఆ మలుగు ఉన్న గుంట ఇదే అని ఇప్పటికీ చూపిస్తారు, నీళ్ళు తేటగా ఉంటాయి, టూరిస్టులు ఈత కూడా కొడతారు.

ఇంకో సిన చంద్రుడిలో ఉంది. కరువు రోజులు, సాయంత్రం పూట సిన చెట్టు బెరడుని సుత్తితో కొట్టి సియపో బట్ట చేస్తోంది, పక్కన పిల్ల ఆకలితో ఉంది, తూర్పున చంద్రుడు పెద్ద సీమపనస పండులా లేస్తున్నాడు. కడుపు మండి సిన, కాస్త కిందకి వచ్చి నా పిల్లకి ఓ ముక్క పెట్టకూడదా అంది. నన్ను తిండి అంటావా అని చంద్రుడికి కోపమొచ్చి దిగొచ్చి సినని, పిల్లని, సుత్తిని, పలకని, బట్టతో సహా పైకి ఎత్తుకుపోయాడు. చంద్రుడి మీద కనబడే మరకలు ఆవిడే. ఇప్పుడు చెప్పండి, సిన అంటే తెలుపు అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఏం తెలిసినట్టు? కాబట్టి మీకు దొరికిన పేరు ఏదైనా సరే, ఆ పేరుతో కథ ఉందా అని వెతకండి, అర్థం కోసం కాదు, ఆ కథలో ఆ మనిషి ఎలాంటిది అని.

నఫనుఅ అనే పేరు ఇంకో రకం. ఫనుఅ అంటే నేల, నేలలో దాచినది అని పేరుకి అర్థం చెప్తారు, పుట్టగానే భూమిలో దాచారని కథ. ఆవిడ సవాయీ పడమటి చివర ఫలెఅలుపో ఊరి యుద్ధ దేవత, మగవాళ్ళతో యుద్ధం చేస్తుంటే గాలికి ఛాతీ మీద కప్పు తొలగి, ఇంతసేపూ మనం పోరాడింది ఆడమనిషితోనా అని శత్రువులు సిగ్గుతో ఆగిపోయారని చెప్తారు. యుద్ధాలు గెలిచి నఫనుఅ సంపాదించిన పెద్ద బిరుదులు చేతులు మారి సలమసిన అనే అమ్మాయికి చేరాయి, నాలుగు అత్యున్నత బిరుదులూ మొదటిసారి ఒకే మనిషి చేతిలో పడ్డాయి, ఆ మనిషి ఆడమనిషి. ఇది సుమారు 500 ఏళ్ళ కిందటి మాట. సలమసిన అని కూతురికి పేరు పెడితే అక్కడివాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆ రాణి.

ఇలా రాణులూ బిరుదులూ వచ్చాయి కాబట్టి హోదా సంగతి చూడాల్సిందే, బయటివాళ్ళు ఎక్కువ తడబడేది ఇక్కడే. పెద్ద నాయకుడి కూతురుకి తఉపోఉ అని ఒక స్థానం ఉంటుంది, సభలో అవ పానీయం కలిపేది ఆమె, జుట్టు, గవ్వలు, ఈకలతో చేసిన తుయిఙ అనే ఎత్తైన కిరీటం పెట్టుకుని చివరి నాట్యం తఉఅలుఙ చేసేది ఆమె. ఆ స్థానంతో పాటు ఒక పేరు వస్తుంది, ఆ పేరు కుటుంబానిది, తరతరాలుగా వచ్చేది, ఇది చూడ్డానికి మామూలు అమ్మాయి పేరులాగే ఉంటుంది. అది నచ్చింది కదా అని ఎవరుపడితే వాళ్ళు తీసుకునేది కాదు, కుటుంబ బిరుదుల మీద గొడవలొస్తే తేల్చడానికి సమోవాలో భూములు, బిరుదుల కోసం ప్రత్యేకంగా కోర్టే ఉంది.

ఇంటిపేర్ల లెక్క కూడా వేరు. చాలామంది పిల్లలకి తండ్రి మొదటి పేరే ఇంటిపేరుగా వస్తుంది, లేదా తండ్రి మతై బిరుదు, అంటే కుటుంబ పెద్దగా వచ్చిన బిరుదు వస్తుంది. 2021లో సమోవాకి మొదటి మహిళా ప్రధాని అయినావిడ పూర్తి పేరు ఫియమే నఓమి మతఅఫ. ఇందులో నఓమి బైబిల్ పేరు, అమ్మానాన్న పెట్టింది, ఫియమే ఆవిడకి వచ్చిన మతై బిరుదు, మతఅఫ నాన్నగారి బిరుదు, ఆయన సమోవా మొదటి ప్రధాని. ముందున్న మాటే పెట్టిన పేరు అనుకుని ఫియమే అంటే అర్థం ఏంటి అని వెతికితే దారి తప్పినట్టే. కాబట్టి పెద్దావిడల పేర్లలో మొదటి మాట చూసి తొందరపడకండి, అది బిరుదు కావచ్చు.

అమ్మాయి పేరుకి ఇంత బరువు ఎందుకు అంటే, అక్కడ అక్కాచెల్లెలికి ఉన్న స్థానం అలాంటిది. అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళకి మధ్య ఫెఅఙాయిఙ అనే ఒడంబడిక ఉంటుంది, ఆమెని కాపాడటం, గౌరవించడం, ఆమె మాట కాదనకపోవడం వాళ్ళ బాధ్యత, ఆమె ఆశీర్వదిస్తే మంచి జరుగుతుందని, ఆమె నోటివెంట శాపం రాకూడదని నమ్మకం. చెల్లెలు అన్న కంటిపాప అని సమోవాలో సామెత ఉంది, మన మాట లాగే ఉంది కదా, కానీ అది వాళ్ళదే. తర్వాత పాస్టర్లు వచ్చాక ఆ గౌరవమే వాళ్ళకి కూడా ఇచ్చారు, పాస్టర్‌ని కూడా అదే మాటతో పిలుస్తారు, దాన్నిబట్టి కూతురి స్థానం ఎంత ఎత్తులో ఉందో ఊహించుకోవచ్చు.

ఇదంతా అయ్యాక మిగిలేది, అన్నిటికంటే అవసరమైనది, అడగడం. చాలా పేర్లు ఏదో ఒక సంఘటనకి గుర్తుగా పెట్టినవి, ఇంట్లో ఎవరో పోయినప్పుడు, ఎవరో ప్రయాణం వెళ్ళినప్పుడు, చర్చి కట్టినప్పుడు, దేశానికి ఏదో జరిగినప్పుడు పుట్టిన పిల్లలు ఆ పేరు మోస్తారు. సమోవాకి స్వాతంత్ర్యం 1962లో వచ్చింది, స్వాతంత్ర్యాన్ని వాళ్ళ భాషలో తుతోఅతసి అంటారు, అలాంటి మాట ఒకరి పేరుగా కనబడితే డిక్షనరీ అర్థం కంటే ఏ సంవత్సరం పుట్టింది అని అడిగితే ఎక్కువ తెలుస్తది. నానమ్మ పేరో మేనత్త పేరో తిరిగి పెట్టడం మామూలే, అప్పుడు లఙి అంటే ఆకాశం కాదు, లఙి అంటే నానమ్మ.

అడిగేటప్పుడు ఒక మర్యాద ఉంది. నీ పేరేంటి అనడానికి ఓ ఆయి లోఉ ఇఙోఅ అంటారు, అక్షరాలా నీ పేరు ఎవరు అని అడిగినట్టు. బిరుదున్న పెద్దవాళ్ళ దగ్గర ఇఙోఅ అనకూడదు, సుఅఫ అనాలి, పేరుకే గౌరవ రూపం అది. అర్థం అడగాలంటే ఉయిఙ, అర్థం అనే మాట, పేరుతో కలిపి అడగొచ్చు, కానీ నా సలహా ఏంటంటే అర్థం ఏంటి అని కాకుండా ఈ పేరు ఎవరు పెట్టారు అని అడగండి. అర్థం అడిగితే ఒక మాట చెప్పి ఊరుకుంటారు, ఎవరు పెట్టారు అంటే కథ మొదలవుద్ది, కూర్చుని వినాల్సి వస్తది, టైం ఉన్నప్పుడే అడగండి.

ఇంతా చదివి పేరు మీ పాపకి పెట్టుకోవాలనిపిస్తే, ప్రకృతి పేర్లు, పువ్వుల పేర్లు, మసిన, తెఉయిల, పెనిన, అలోఫ లాంటివి ఎవరికీ ఇబ్బంది లేనివి. బిరుదు వాసన ఉన్నవి, తఉపోఉ పేర్లు, దేవతల పేర్లు వదిలేయండి, అందంగా ఉన్నా సరే. కథలో పాత్రకి అయితే ఊరు, కుటుంబం, చర్చి మూడూ ఊహించుకుని పేరు ఎంచండి, 1950లో పుట్టిన సవాయీ అమ్మమ్మకి ఎలిసపెత సరిపోద్ది, అన్నీ ఆకాశాలూ చంద్రుళ్ళూ అయితే నమ్మబుద్ధి కాదు. లుపె అంటే పావురమే కదా అని తక్కువగా చూడకండి, వలతో పావురాలు పట్టడం ఒకప్పుడు నాయకుల ఆట, దానికోసం రాళ్ళతో ప్రత్యేకంగా దిబ్బలు కట్టేవాళ్ళు, సామెతలు బోలెడు ఆ ఆట నుంచే వచ్చాయి.

ఆఖరికి స్పెల్లింగ్ సంగతి ఒకటుంది. పాస్‌పోర్టులో, కంప్యూటర్‌లో కోమ లిలియు, అచ్చు మీద గీత రెండూ ఎగిరిపోతాయి, కొంతమంది గట్టిగా పట్టుబట్టి రాసుకుంటారు, కొంతమంది వదిలేస్తారు, కాబట్టి మెయిల్‌లో గానీ ఇన్విటేషన్‌లో గానీ ఆవిడ పేరు రాసేముందు ఆవిడ తన పేరు కింద సంతకంలో ఎలా రాసుకుంటుందో చూసి అచ్చం అలాగే రాయండి, మన తెలివి చూపించి గుర్తులు కొత్తగా చేర్చొద్దు.